కాంతిని ఆపే కన్నాలు

పసుపు కొమ్ము దంచితే పచ్చటి పొడి వస్తుంది. గోరింటాకు రుబ్బి పెట్టుకుంటే చెయ్యి పండుతుంది. మరి నెమలి ఈకను రోట్లో వేసి నూరితే ఏమొస్తుందో చెప్పు చిన్నీ? నీలమూ రాదు, ఆకుపచ్చా రాదు. ముదురు గోధుమరంగు పొడి చిటికెడు మిగులుతుంది, అంతే. నూరి చూస్తానని లేవకు. రోటి జోలికి వెళితే మీ నాయనమ్మ ఇద్దర్నీ కలిపి తిడుతుంది. నా మాట నమ్ము.

ఆ రంగంతా ఎటు పోయినట్టు? ఎటూ పోలేదు. నెమలి ఈకలో చెప్పుకోదగ్గ రంగు పదార్థం ఒక్కటే, మెలనిన్. నీ జడకు నలుపునిచ్చేదీ అదే. మిగిలిన నీలం, పచ్చ, బంగారు ఛాయలన్నీ ఆ మెలనిన్‌ను పేర్చిన తీరులోంచి పుట్టుకొచ్చినవి. రోట్లో పడగానే ఆ పేర్పు చెదిరిపోతుంది. దాంతోపాటే రంగూ పోతుంది.

2003లో షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పేర్పును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. ఈక నడిమి కాడకు అటూ ఇటూ పాయలుంటాయి కదా, ఒక్కో పాయకు మళ్లీ కంటికి సరిగ్గా ఆనని చిరుపాయలుంటాయి. రంగుల పని జరిగేది వాటిలోనే. చిరుపాయను అడ్డంగా కోసి చూస్తే పైపొర కింద మెలనిన్ కడ్డీలు చదరపు గళ్లలో బారులు తీరి కనిపించాయి. వాటిని పట్టి ఉంచుతూ కెరటిన్, సందుల్లో గాలి. ఇప్పుడు అంకెలు విను. నీలం చిరుపాయలో బారుకీ బారుకీ మధ్య ఎడం సుమారు 140 నానోమీటర్లు. ఆకుపచ్చ దాంట్లో 150. పసుపుపచ్చ దాంట్లో 165. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. నీలానికీ పచ్చకీ మధ్య ఉన్నది పది నానోమీటర్ల ఎడం! మన తాపీమేస్త్రీ గోడలో అంగుళం తేడా వస్తే 'సర్దుకుంటుంది లెండి బాబుగారూ' అంటాడు. నెమలి దగ్గర ఆ సర్దుబాట్లు చెల్లవు.

ఇది కనిపెట్టడానికి మైక్రోస్కోపు కావాల్సి వచ్చింది గానీ, అనుమానం మాత్రం పాతదే. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1665లోనే నెమలి ఈకను తన భూతద్దాల కింద పెట్టి, తడిస్తే ఈ రంగులు పోతున్నాయని రాసిపెట్టాడు. మందుతో వేసిన రంగైతే నీళ్లు తగలగానే ఎందుకు మారుతుంది? ఆ తరవాత న్యూటన్ కూడా ఇవి పలచటి పొరల వల్ల వచ్చే రంగులేనని తేల్చాడు.

మనవాళ్లలో ఈ పిచ్చి బాగా పట్టింది సి.వి.రామన్ గారికి. నోబెల్ వచ్చిన నాలుగేళ్లకు, 1934లో, ఆయన పక్షి ఈకల రంగుల మీద ఓ వ్యాసం రాశారు. అందులో ముఖ్య పాత్ర ఎవరనుకున్నావు? పాలపిట్ట! దసరానాడు జమ్మిచెట్టు దగ్గర అందరం ఆకాశంలోకి తలెత్తి వెతుక్కుంటామే, తెలంగాణ రాష్ట్ర పక్షి, అదే. దాని రెక్కల నీలంలో కూడా నీలిమందు లేదు. నెమలికైతే కడ్డీల వరసలు. పాలపిట్టకు అంత క్రమం లేదు, సన్నటి గాలి గదులతో నిండిన స్పాంజి లాంటి కెరటిన్. కాకపోతే ఆ గదుల సైజు, వాటి మధ్య ఎడం దాదాపు ఒకేలా ఉంటాయి. అంతమాత్రానికే నీలం వచ్చేస్తుంది. నెమలి రంగు అటూ ఇటూ తిప్పితే మారుతుంది, పాలపిట్ట నీలం ఎటు చూసినా ఇంచుమించు అలాగే ఉంటుంది. ఈ తేడా ఆ క్రమంలో ఉన్న తేడా వల్లే. రామన్ గారు ఆ తరవాత కూడా శంఖాలు, గవ్వలు, ఒపల్ రాళ్లు, పొటాషియం క్లోరేటు పలుకులు అంటూ మెరిసే ప్రతిదాన్నీ పోగేసి పరీక్షిస్తూనే ఉన్నారు. ఆయన చేసిన పనుల్లో జనానికి తక్కువ తెలిసింది ఇదే, నాకు ఎక్కువ ఇష్టమైందీ ఇదే.

సరే, ఎడానికీ రంగుకీ ఏమిటి సంబంధం?

కాంతి అల. ఒక పదార్థంలోంచి మరో పదార్థంలోకి అడుగు పెట్టినప్పుడల్లా కొంత వెనక్కి మళ్లుతుంది. కిటికీ అద్దం ఒక్కో ముఖం దగ్గరా నూటికి నాలుగు వంతుల కాంతిని తిప్పి పంపేస్తుంది, అందుకే రాత్రిపూట లైటు వేస్తే అందులో నీ మొహం కనిపిస్తుంది. ఈకలో ఒక్కో బారు దగ్గర తిరిగొచ్చేది అంతకన్నా తక్కువే. కానీ బారులు చాలా ఉన్నాయి. తిరునాళ్లలో రథం లాగడం చూశావుగా. వందమంది తాడు పట్టుకున్నా, ఎవరికి తోచినప్పుడు వాళ్లు లాగితే చక్రం కదలదు. ఒక్క కేకకు అందరూ కలిసి లాగితేనే రథం దొర్లుతుంది. పది బారుల నుంచి వెనక్కొచ్చే అలలు శిఖరం మీద శిఖరం పడేలా కలిస్తే అల ఎత్తు పదింతలవుతుంది. వెలుగు అల ఎత్తుకు వర్గంగా పెరుగుతుంది గనక వెలుగు వందింతలు.

ఆ కలయిక ఎప్పుడు కుదురుతుందంటే, బారుల మధ్య ఎడం అల పొడవులో సగం ఉన్నప్పుడు. కింది బారు దాకా వెళ్లి వచ్చే అల పై బారు అలకన్నా రెండు ఎడాల దూరం ఎక్కువ నడవాలి కదా. ఆ అదనపు నడక సరిగ్గా ఒక అల పొడవైతే రెండూ కలిసి అడుగేస్తాయి. నీలం కాంతి గాలిలో 450 నానోమీటర్ల పొడవు, ఈక లోపలికి వెళ్లగానే కురచబడి 300 అవుతుంది. అందులో సగం? 150. బారుల ఎడం దగ్గరికే వచ్చాం చూశావా. ఇది చిత్తు లెక్కే, అయినా దారి సరైందే. మిగతా రంగుల అలలు వెనక్కొచ్చేటప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అంటే వాటికి వెనుదారి లేదు, లోపలికే పోతాయి, అక్కడ మెలనిన్ వాటిని మింగేస్తుంది.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూడు. తిరిగొచ్చిన నీలాన్ని మనం 'రంగు' అని ముచ్చటపడుతున్నాం. లోపలివైపు నిలబడి చూస్తే సంగతి వేరు. నీలం కాంతికి అక్కడ ప్రవేశం లేదు! ఎంత పారదర్శకమైన సరుకుతో కట్టినా సరే, ఆ పొడవున్న అలకు మాత్రం ఆ కట్టడంలో చోటు లేదు. నా దృష్టిలో అసలు వింత రంగు కాదు, ఈ 'వద్దు' అనడమే. ఇలా క్రమం తప్పని గళ్లతో కాంతికి దారి మూసే పదార్థాలనే ఫోటానిక్ క్రిస్టల్స్ అంటున్నారు.

పొరలు పొరలుగా పేరిస్తే కొన్ని అలలు అందులో సాగవని లార్డ్ రేలీ 1887లోనే లెక్క కట్టి చూపించాడు. కానీ పొరలు ఒక దిక్కునే అడ్డుకుంటాయి. ఏటవాలుగా వచ్చిన అలకు ఎడం మారినట్టు అనిపిస్తుంది, అది జారుకుంటుంది. అన్ని దిక్కులా ఒకేసారి అడ్డుకట్ట వేయగలమా అని గట్టిగా అడగడానికి నికరంగా వందేళ్లు పట్టింది.

1987లో ఇద్దరు అడిగారు, ఒకరికొకరు తెలియకుండా. ఒకాయన న్యూజెర్సీలో ఎలి యాబ్లోనోవిచ్. ఇంకొకాయన ప్రిన్స్‌టన్‌లో సజీవ్ జాన్, మన కేరళ మూలాలున్నాయన. ఒకే పత్రిక, ఫిజికల్ రివ్యూ లెటర్స్. మే నెలలో ఒకటి, జూన్‌లో ఒకటి. మూడు వారాల తేడా. ప్రశ్నలు మాత్రం వేరు. జాన్‌కు కాంతిని ఓ చోట కట్టిపడేయడం కుదురుతుందా అన్న ఆలోచన. యాబ్లోనోవిచ్‌ది లేజర్ల గొడవ. లేజరులో అణువులు మనకు అక్కర్లేని దిక్కులకు కూడా కాంతిని ఊరికే చిమ్మి శక్తి దండగ చేస్తాయి. ఆ దుబారా ఆపాలని ఆయన పంతం.

ఇక్కడ కాస్త నిదానంగా విను, ఇది నాకు కూడా మొదట్లో మింగుడుపడలేదు. శక్తి నింపుకున్న అణువు కాసేపటికి దాన్ని కాంతిగా వదిలేస్తుంది. అది ఆ అణువు సొంత గుణమనుకుంటాం. కాదట. వదిలిన కాంతి వెళ్లడానికి చుట్టూ చోటుంటేనే అణువు వదలగలదు. ఆ పొడవు అలకు ఏ దిక్కునా ప్రవేశం లేని కట్టడంలో అణువును కూర్చోబెట్టావనుకో, అది శక్తిని ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోతుంది. ఇచ్చేద్దామన్నా పుచ్చుకునేవాడు లేడు! సెమీకండక్టర్లలో ఎలక్ట్రాన్లకు కొన్ని శక్తులు నిషిద్ధం. ఆ నిషేధం పుణ్యానే ట్రాన్సిస్టరు, నీ చేతిలో ఫోను, అన్నీ. అదే నిషేధం కాంతికీ పెట్టాలన్నది యాబ్లోనోవిచ్ ఊహ.

కాగితం మీద బాగానే ఉంది. కట్టాలిగా! నానోమీటర్ల గళ్లు మూడు కొలతల్లోనూ తొలిచే పనిముట్లు ఆ రోజుల్లో లేవు. అయితే ప్రకృతి ఓ వెసులుబాటు ఇచ్చింది. కాంతి నడక చెప్పే మాక్స్‌వెల్ సమీకరణాల్లో ఇంత పొడవు, అంత పొడవు అనే పట్టింపు లేదు. గళ్లను లక్ష రెట్లు పెంచి, అలను కూడా లక్ష రెట్లు పెంచితే జవాబు అదే. కంటికి కనిపించే కాంతికి బదులు రెండు సెంటీమీటర్ల మైక్రోవేవ్ తీసుకుంటే గళ్లు మిల్లీమీటర్లలోకి వస్తాయి. అప్పుడు మామూలు వర్క్‌షాపులో డ్రిల్లింగు మెషీను చాలు.

డ్రిల్లు మొదలైంది. ఎలాంటి అమరిక పనికొస్తుందో ఎవరికీ తెలియదు. ఒక రకం తొలచడం, మైక్రోవేవ్ పంపి చూడటం, ఎటో ఒక దిక్కున కారిపోవడం, మళ్లీ ఇంకో రకం. ఒక్కో దిమ్మలో వేలకొద్దీ గుంటలు. చివరికి 1989లో యాబ్లోనోవిచ్ బృందం దొరికిందని ప్రకటించింది. మరుసటేడు సిద్ధాంతకర్తలు కంప్యూటర్లతో లెక్క వేసి, అబ్బే, ఒక చోట సందు తెరుచుకునే ఉంది, పూర్తిగా మూసుకోలేదన్నారు. పాపం అనిపిస్తుంది గానీ, విజ్ఞానం ఇలా ఒకరి దిమ్మను ఇంకొకరు తట్టి చూడటం వల్లే నిలబడింది. అమెరికాలోని అయొవా స్టేట్ విశ్వవిద్యాలయంలో హో, చాన్, సూకూలిస్ అనే ముగ్గురు అదే 1990లో దారి కూడా చూపించారు. వజ్రంలో కార్బన్ పరమాణువులు ఉండే అమరిక తీసుకోండి, సందు నికరంగా మూసుకుంటుందని.

వజ్రపు అమరికను డ్రిల్లుతో ఎలా చేస్తావు? 1991లో యాబ్లోనోవిచ్ బృందం చేసిన పని చూడు. దిమ్మ మీద త్రిభుజాల గళ్లలో కన్నాల గుర్తులు పెట్టారు. ఒక్కో గుర్తు దగ్గర మూడుసార్లు తొలిచారు. నిట్టనిలువుకు 35 డిగ్రీలు వంచి ఒకటి, 120 డిగ్రీలు పక్కకు తిప్పి అదే వంపులో రెండోది, మళ్లీ తిప్పి మూడోది. లోపల ఆ కన్నాలన్నీ ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతే, మిగిలిపోయిన సరుకు వజ్రపు అమరికను పోలిన జాలీలా తయారైంది. గట్టి దిమ్మగా ఉన్నప్పుడు దాంట్లోంచి దర్జాగా సాగిపోయిన మైక్రోవేవ్, ఇన్ని తూట్లు పొడిచాక ఏ దిక్కునుంచి వచ్చినా దారి దొరక్క వెనక్కి మళ్లింది. కన్నం పెడితే కారుతుందనే కదా లోకమంతా అనుకునేది! ఇక్కడ కన్నాలే గోడ.

ఆ వజ్రపు అమరికను కంటికి కనిపించే కాంతి కొలతకు దించాలని ఇంజనీర్లు ఏళ్ల తరబడి కిందామీదా పడుతుంటే, బ్రెజిల్లో ఓ పురుగు ఎప్పటినుంచో ఒంటినిండా వేసుకుని తిరుగుతోంది. లాంప్రోసిఫస్ అగస్టస్ దాని పేరు. మన బియ్యంలో కనిపించే ముక్కుపురుగుకు దూరపు చుట్టం, కాకపోతే అంగుళం పొడవు, మెరిసే ఆకుపచ్చ. 2008లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు దాని పొలుసుల్లో చూస్తే వజ్రపు అమరికే. ఈ వెతుకులాటకు మొదలు ఓ హైస్కూలు అమ్మాయి సైన్స్ ఫెయిర్ ప్రాజెక్టు. అంటే నీ ఈడుదే. ఊరికే చెబుతున్నాలే, ఫోను పక్కన పెట్టమని కాదు.

పురుగు గొప్పదే గానీ దాని 'వద్దు' పూర్తి వద్దు కాదు. నెమలిదీ, ఒపల్‌దీ అంతే. అన్ని దిక్కులూ మూసుకోవాలంటే అమరికతోపాటు, గట్టి భాగానికీ గాలికీ మధ్య కాంతి వేగంలో పెద్ద తేడా ఉండాలి. వజ్రపు అమరికకే కనీసం రెండింతలు కావాలి. పురుగు పెంకులో ఉండే కైటిన్ ఒకటిన్నర దగ్గరే ఆగిపోతుంది. సిలికాన్ మూడున్నర దాకా వెళుతుంది. అందుకే మనుషులు దాన్ని పట్టుకున్నారు.

ఊసరవెల్లి మాట కూడా చెప్పేస్తాను, లేకపోతే అది అలుగుతుంది. మడగాస్కర్‌లోని పాంథర్ ఊసరవెల్లి చర్మంలో గ్వానిన్ పలుకులు గళ్లలా పేర్చి ఉంటాయని జెనీవా శాస్త్రజ్ఞులు 2015లో చూపించారు. నిమ్మళంగా ఉన్నప్పుడు పలుకులు దగ్గరగా ఉండి నీలాన్ని తిప్పికొడతాయి. పైన పసుపు రంగు కణాలుంటాయి గనక మనకు ఆకుపచ్చగా కనిపిస్తుంది. పోటీకి ఇంకో మగది ఎదురైందా, పలుకుల మధ్య ఎడం పెరుగుతుంది, నిమిషాల్లో పసుపులోకి, నారింజలోకి తిరుగుతుంది. మన రాజకీయ నాయకుల్ని దాంతో పోలుస్తారు గానీ, అది అన్యాయం. ఊసరవెల్లి తన కోపం దాచుకోదు, పైగా ప్రకటిస్తుంది.

ఇప్పుడు అసలు ఉపయోగంలోకి రా. అంతా మూసేసిన గోడ ఉత్త గోడే. దాంట్లో కావాలని ఓ లోపం పెట్టినప్పుడే ఆట మొదలవుతుంది. సిలికాన్ పలకలో కన్నాల బారులు తొలిచి, ఒక బారు మాత్రం తొలవకుండా వదిలేశావనుకో. ఆ పొడవు అల పక్కకు పోలేదు, అటూ ఇటూ నిషేధం. ఇక తొలవని ఆ బారు వెంట నడవాల్సిందే. బారును లంబకోణంలో తిప్పితే కాంతీ తిరుగుతుంది. మామూలు ఫైబరును అంత మలుపు తిప్పితే కాంతి బయటికి పోతుంది. ఒక బారంతా కాక రెండు మూడు కన్నాలే వదిలేస్తే? అది దారి కాదు, గది. అందులో చిక్కిన కాంతి అక్కడే తిరుగుతుంటుంది.

ఆ గదులు కట్టడంలో క్యోటో విశ్వవిద్యాలయం సుసుము నోడా బృందానిది అందెవేసిన చెయ్యి. 2003లో వాళ్లు 420 నానోమీటర్ల ఎడంతో కన్నాలు తొలిచి, వరసగా మూడు కన్నాలు వదిలేశారు. కాంతి నిలుస్తోంది గానీ గది రెండు కొసల దగ్గర పైకి చిమ్ముతోంది. ఆ కొసల్లో ఉన్న రెండు కన్నాలను కాస్త ఎడంగా జరిపారు. ఒక్కోటి సుమారు 60 నానోమీటర్లు, అంతే. కాంతి నిలిచే సమయం ఎన్నో రెట్లు పెరిగింది. 'ఎంతసేపు?' అంటావు. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో నలభై ముక్కలు కూడా లేదు. నవ్వకు. ఆ వ్యవధిలో బయట కాంతి ఒక సెంటీమీటరు దాటేస్తుంది. వీళ్లు దాన్ని అంతసేపూ ఇసుక రేణువుకన్నా చిన్న గదిలో తిప్పారు. అదే నోడా బృందం ఈ గళ్లతోనే లేజరు బిళ్లలు కూడా చేస్తోంది. 2023లో వాళ్లు చూపించిన బిళ్ల 3 మిల్లీమీటర్ల వెడల్పు, 50 వాట్ల శక్తి. ఉక్కు రేకును కోసే పదును.

ఇంకోవైపు ఇంగ్లండులో ఫిలిప్ రసెల్ ఈ ఆలోచనను ఫైబరులోకి తెచ్చాడు. మన ఇంటికొచ్చే ఇంటర్నెట్ ఫైబరు గాజు కదా, అందులో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లే నడుస్తుంది. గాలిలో అయితే మూడు లక్షలు. గొట్టం నడుమ ఖాళీ ఉంచి గాలిలోనే నడిపిద్దామంటే, మామూలు ఫైబరు సూత్రం గాలిని లోపలా గాజును బయటా పెట్టనివ్వదు, కాంతి గాజులోకి కారిపోతుంది. రసెల్ బృందం ఆ ఖాళీ చుట్టూ గాజులో సన్నటి కన్నాల గళ్లు పొడుగునా తీసింది. గాజు గొట్టాలను కట్టలుగా పేర్చి, వేడిచేసి, దారంలా లాగడమే పద్ధతి. ఎంత లాగినా గళ్ల అమరిక చెదరకుండా సన్నబడుతుంది. మాక్స్‌వెల్ సమీకరణాల వెసులుబాటు ఇందాక పెంచడానికి పనికొచ్చింది, ఇక్కడ కుదించడానికి. 1999లో బాత్ విశ్వవిద్యాలయంలో కాంతి గాలి నడవాలో నడిచింది.

ఆ కొసన కన్ను పెడితే ఈ కొస కనిపిస్తుందా అంటావా? నడవా వెడల్పు వెంట్రుకకన్నా తక్కువ, వస్తువులేం కనిపించవు. కానీ ఈ కొసన తెల్లటి వెలుగు పోస్తే ఆ కొసన తెలుపు రాలేదు. కొన్ని రంగులే వచ్చాయి. చుట్టూ ఉన్న గళ్లు వేటిని 'వద్దు' అన్నాయో అవే నడవాలో మిగిలి, చివరిదాకా నడిచాయి. మిగతావన్నీ దారిలోనే పక్క గోడల్లోంచి బయటికి పోయాయి.